మిల్లు వెనక గేటు

బస్సు మిల్లు వెనక గేటులోకి తిరిగితే మేం నమ్మలేకపోయాం. "ఇదేంటన్నా, యూనివర్సిటీ చూపిస్తానన్నావుగా?" అన్నాను. అన్న ముందు తను దిగి, మమ్మల్నీ దిగమన్నాడు.

ఆయన నా తోడబుట్టినవాడేం కాదు, యూనివర్సిటీ విద్యార్థుల నాయకుడు. ఏడాదిగా ప్రతి ఆదివారం తనతో చదివే కళ్ళజోడక్కను వెంటబెట్టుకుని మా వాడకొచ్చి, "మీరూ డిగ్రీ చదవాలి" అని మా వెంటపడ్డాడు. ఈ మిల్లు మరమగ్గాల హోరులో మాట వినబడదు కాబట్టి మా అమ్మలు పెదాలతోనే మాట్లాడుకుంటారు. ఆ విద్య మాకూ ఉగ్గుపాలతో అబ్బింది. చదువుకోమంటూ అమ్మలు మాతో రోజూ అనే "మగ్గం ముట్టకు" అనడం అక్కకు నేర్పబోయాం. పాపం, గొంతు లేవకుండా ఆమెకు పెదవి కదిలేది కాదు. పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ వారం మా అమ్మలు సమ్మెలో ఉన్నారు. ముందు గేటు బయట బైఠాయించారు. మమ్మల్నీ, బస్సులో మాతో వచ్చిన కళ్ళజోడక్కనూ అన్న మగ్గాలున్న పైఅంతస్తు ఎక్కించాక, మిల్లువాళ్ళు బయట తాళం వేశారు.

"సమ్మె విరిగేదాకా మగ్గాలు నడపండి. అందరికీ కాలేజీ సీట్లు ఇప్పించే పూచీ నాది. కాలేజీ కమిటీకి ఈ మిల్లు ఓనరే పెద్ద," అన్నాడు అన్న.

ఏం దాచను, సీటు అనగానే నా గుండె ఝల్లుమంది. చదువంటే నాకు ప్రాణం.

"మా అమ్మల పొట్ట కొట్టి చదవమంటావా?"

"పిచ్చిపిల్లా, నీ బాగు కోసమే!"

"ఛీ! నిన్ను అన్నా అని పిలిచిన నోరు కడుక్కోవాలి!"

కళ్ళజోడక్క అన్నకు ఎదురుగా వచ్చి నిలబడింది. "నాకైనా చెప్పలేదేం?"

"చెబితే వచ్చేదానివా?"

నేను ముందు వైపు కిటికీ ఎక్కి, గేటు బయట ఉన్న అమ్మకు పెదాలతో చెప్పాను: తాళం వేశారు, మగ్గం ముట్టం. కింద వాచ్‌మన్ నేను ఏడుస్తున్నాననుకున్నాడు. అమ్మ లేచింది. ఆమె వెనకే అందరూ లేచారు. గేటు ఊగిపోయింది.

ఓనరు పిలిపిస్తే పోలీసులొచ్చి, తాళం తీయించి పైకి వచ్చారు. అక్క మగ్గాలకు అడ్డంగా నిలబడి, "పిల్లల్ని వదలండి!" అని అరిచింది.

"రెచ్చగొట్టింది ఈవిడే సార్," అని అన్న వేలు చూపించాడు.

అక్కను జుట్టు పట్టి ఈడ్చుకెళ్ళారు. కళ్ళజోడు మెట్ల మీదే పగిలింది. మేం కిటికీలకు అతుక్కుపోయాం. వ్యాన్ ఎక్కుతూ అక్క తలెత్తింది. పెదాలు కదిలాయి, గొంతు లేవలేదు.

మగ్గం ముట్టకు.

గేటు అవతల అమ్మలూ, కిటికీల్లో మేమూ, చప్పుడు లేకుండా ఒక్కసారిగా బదులిచ్చాం: ముట్టం. ఏడాదిపాటు మా వాడలో తిరిగిన అన్న, పోలీసుల వెంట కిందికి దిగి, మధ్యలో నిలబడి అటూ ఇటూ చూశాడు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు.