తలతో సహా అక్క

బస్సు డ్రైవరు ఫోటోగ్రఫీ క్లాసులో చేరాడని తెలిసి ఇంటిల్లిపాదీ ముక్కున వేలేసుకున్నారు. యాభై రెండేళ్ల మనిషి, వారమంతా స్టీరింగు తిప్పీ తిప్పీ భుజాలు పట్టేసినవాడు, ఆదివారం కాళ్లు చాపుకుని కూర్చోక ఈ తంటా ఏమిటని భార్య అడిగింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మాత్రం అతని అక్క.

నవ్వే హక్కు ఆవిడకు ఉంది. ఆవిడ పెళ్లినాడు ఫోటోగ్రాఫరు తీసిన రీలంతా వెలుతురు తగిలి పాడైపోయింది. మిగిలిందల్లా పదమూడేళ్ల తమ్ముడు పెదనాన్న కెమెరా లాక్కుని తీసిన ఒకే ఒక్క ఫోటో. అందులో బావ నిండుగా ఉన్నాడు. బావకంటే జానెడు పొడుగున్న అక్క మెడ వరకే ఉంది. అది మొదలు చుట్టాలు కలిసినప్పుడల్లా ఆ ఫోటో చెప్పుకుని పడీ పడీ నవ్వడమే. ఆవిడా నవ్వేది గానీ, ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ జారుకునేది.

క్లాసు లైబ్రరీ పైగదిలో. పదకొండు మంది విద్యార్థులు, అందరూ అతని పిల్లల ఈడువాళ్లే. పాఠం చెప్పే మేడం కూడా అంతే. మొదటి ప్రాజెక్టుగా ఇంట్లో ఏదో ఒక వస్తువును ముప్పై రకాలుగా తీయమంది. అతను కెటిల్ తీశాడు. ఇరవై ఎనిమిది ఫోటోలు కవల పిల్లల్లా ఉన్నాయి.

రెండో వారం మేడం లెన్సులోకి వెలుతురు ఎలా వస్తుందో బోర్డు మీద అంకెలు వేసి చెబుతుంటే ఎవరికీ బుర్రకెక్కలేదు. డ్రైవరు మొహమాటపడుతూనే లేచాడు.

"మా బస్సు తలుపులాంటిదే కదా మేడం? తలుపు వెడల్పుగా ఉంటే జనం గబగబా ఎక్కేస్తారు. ఇరుకుగా ఉంటే అంతమందీ ఎక్కడానికి ఎక్కువసేపు ఆపాలి."

మేడం బోర్డు తుడిచేసి బస్సు బొమ్మ గీసింది. ఆ రోజు నుంచి క్లాసంతటికీ అతను బాబాయ్.

చివరి ప్రాజెక్టు, ఏదైనా పని చేసుకుంటున్న మనిషిని ఫోటో తీయడం. ఫ్లాష్ వాడకూడదు, కిటికీ వెలుతురు చాలు. అతనికి వెంటనే అక్క గుర్తొచ్చింది. ఆవిడ పాత బట్టలు సరిచేసే దర్జీ. ఒకటే గది, ఒకటే పెద్ద కిటికీ, దాని ముందు కుట్టుమిషను. అడగ్గానే కుదరదంది. వారం రోజులు వెంటపడి బతిమాలితే మెత్తబడింది.

"పని ఆపను. నవ్వమని అనకు," అంది. "ఎవరికైనా చూపించే ముందు నా తల ఉందో లేదో నాకు చూపించు."

మొదటి ఆదివారం కెమెరా టిక్కుమన్నప్పుడల్లా ఆవిడ కర్రలా బిగుసుకుపోయింది. రెండో వారం బిగుసుకోలేదు గానీ, ముఖం బొగ్గులా వచ్చింది. కిటికీ ఆవిడ వెనక ఉండగా తీశారు, పక్కకు జరగండి అని మేడం చెప్పింది. పక్కకు జరగడానికి చోటేదీ? మిషను కాస్త జరపనా అని అడిగితే, పద్దెనిమిదేళ్లుగా అది అక్కడే ఉంది, నువ్వే జరుగు అంది అక్క.

మూడో వారం అతను గోడకీ, కోట్లు తగిలించిన స్టాండుకీ మధ్య ఇరుక్కుని నిలబడ్డాడు. ఎవరిదో కోటు చెయ్యి మాటిమాటికీ చెంప మీద పడుతోంది. గంట గడిచింది. తమ్ముడు అక్కడున్న సంగతే ఆవిడ మర్చిపోయింది. ఒక కోటు లోపలి గుడ్డ ఊడదీసి, సూది కిటికీ వైపు ఎత్తి దారం ఎక్కించబోయింది. ఒకసారి తప్పింది. రెండోసారీ తప్పింది. నాలుక కొస బయటికొచ్చింది, ఒక కన్ను మూసుకుంది. మూడోసారి దారం దూరింది. తనలో తానే గెలిచినట్టు నవ్వుకుంది. అతను నొక్కాడు.

మాట ప్రకారం ముందు ఆవిడకే చూపించాడు. తల ఉంది, తల పైన బెత్తెడు చోటు కూడా ఉంది. ఆవిడ అద్దాలు సవరించుకుని చాలాసేపు చూసింది.

"నాలుక బయటపెట్టాను కదరా."

"పెట్టావు. ఇది వద్దంటే ఇంకోటి తీస్తాను."

"వద్దు. అమ్మ కూడా దారం ఎక్కించేటప్పుడు అచ్చం ఇలాగే పెట్టేది. నాకూ ఆ అలవాటు ఉందని ఇన్నేళ్లూ తెలియనే తెలియదు."

డ్రైవరు లెన్సు తుడిచే నెపంతో కిటికీ వైపు తిరిగాడు.

విద్యార్థుల ఫోటోలన్నీ లైబ్రరీ వరండాలో పెట్టారు. అక్క ఇస్త్రీ చీర కట్టుకుని బావను వెంటేసుకుని వచ్చింది. వెలుతురు ఎంత బాగుందో అని ఎవరో మెచ్చుకుంటే, వెలుతురు సంగతి తమ్ముణ్ణి అడగండి, ఈ కోటుకి లోపలి గుడ్డ ఎలా మార్చానో నన్నడగండి అంటూ మొదలుపెట్టింది. మూసే వేళకు ఇద్దరు తమ జిప్పు పాడైన జాకెట్లు అక్కడికక్కడే విప్పి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ వాటిని తమ్ముడి భుజాన వేసి, మంగళవారానికల్లా ఇచ్చేస్తానని వాళ్లకు చెబుతూ మెట్లు దిగింది.