చీకటి గది తలుపు

“పళ్లాలు కడిగినవా?”

మా ఇంట్లో తెల్లారేది ఈ మాటతోనే. పళ్లాలంటే అన్నం తినేవి కావు, ఫోటోలు కడిగేవి. తినేవాటిని ఎలాగూ కడుగుతాను కాబట్టి వాటి సంగతి ఎవరూ అడగరు. మా ఆయన రామలింగం మొఘల్‌పురా సందులో ఫోటో స్టూడియో నడుపుతాడు. ముందు గదిలో ఆయన కెమెరా, వెనక వంటింట్లో నా పొయ్యి, రెంటికీ నడుమ ఒకప్పుడు జొన్నలు పోసుకున్న కొట్టు. దాని తలుపుకి లోపలినుంచి బొంత బిగించి చీకటి గది చేశాము. ఎర్ర లాంతరు వెలుగులో మందు కలిపేదీ, గాజు ప్లేటు మీద బొమ్మ తేల్చేదీ, పెండ్లికొడుకుల మొహాల మీది అమ్మవారి మచ్చల్ని సన్న పెన్సిలుతో పూడ్చేదీ నేనే. మందుతో నల్లబడిన నా వేళ్లు చూసి మా అత్త కాశమ్మ, “ఆడదాని చేతులకు గీ మరకలేంది, పీడ గాకపోతే” అని నేను వడ్డిస్తుంటే కంచం పక్కకి జరుపుకునేది. ఆ మరకల వల్ల ఇంటికొచ్చే బియ్యంలో మాత్రం ఆమెకి ఏ పీడా కనబడలేదు.

ఇన్నేళ్లూ నోరెత్తకుండా చేశానంటే ఒక మాట నమ్మి చేశాను. మా చుట్టుపక్కల పరదా ఇళ్లు ఎక్కువ. ఆ ఇళ్ల బేగంలు, వాళ్ల ఆడపిల్లలు మగవాడి కెమెరా ముందుకు రారు. “వీధి దిక్కు చిన్న గది నీకే ఇస్త మాణిక్యమ్మా. జనానా స్టూడియో పెడ్దాం. బోర్డు మీద నీ పేరే రాయిస్త. ఒక్క పెద్ద పని చేతికి రానీ” అనేవాడు మా ఆయన. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం ఎంత మంచిగా ఉండేదో! నేను ఆ గదికి సున్నం ఏ రంగు వేయించాలో కూడా అనుకుని పెట్టుకున్నాను.

ఆ పెద్ద పని వచ్చింది. మూసీ అవతల, కంపెనీ దొరల కాలంలో కట్టిన చర్చి ఒకటుంది. దాని చెక్క కప్పు నిండా రంగుల పూలు, తీగలు. కప్పుకి చెదలు పట్టిందని దించేసి కొత్తది వేయిస్తున్నారు. సోమవారం కప్పు ఊడదీయడానికి వడ్లవాళ్లు వస్తారు, ఈలోగా లోపలి భాగమంతా ఒక ఫోటోలో కావాలన్నారు.

అంత చీకటి హాలు తీయడం పెండ్లి ఫోటో తీసినట్టు కాదు. కెమెరా మూత తీసి చాలాసేపు అలా వదిలెయ్యాలి. అప్పుడైనా కిటికీలు వెలుగుతాయి గాని కప్పు నల్లగానే ఉండిపోతుంది. అందుకని మా అలమార అద్దం ఊడదీసి పట్టుకుపోయాను. కిటికీలోంచి పడే ఎండను అద్దంతో పట్టి, కప్పు మీదికి తోసి, పూవు పూవుకీ నీళ్లు చల్లినట్టు తిప్పాలి. అద్దం మొహం కెమెరా వైపు తిరగకూడదు. నల్ల చీర కట్టుకుని బెంచీల నడుమ తిరుగుతూనే ఉండాలి. “ఆగకు. ఆగితే బొమ్మల పడ్తవు” అని మా ఆయన కెమెరా పక్కన నిలబడి చెబుతూనే ఉన్నాడు. కదిలే మనిషి ఆ ప్లేటు మీద పడదు. భుజాలు పీకాయి, మెడ పట్టేసింది. అయినా నాకు మస్తు సంతోషంగా ఉంది. ఇది అయితే గది నాదే అనుకున్నాను.

చర్చి కమిటీ తరఫున కరుణమ్మ టీచరమ్మ వచ్చి మొదటినుంచీ చూస్తూ కూర్చుంది. ఆమె ఆడపిల్లల బడి నడుపుతుంది. పని అయ్యాక నా చెయ్యి పట్టుకుని, “మొత్తం నువ్వే చేసినవు గదనే” అంది. నేను సిగ్గుపడి, మా ఆయన నాకు జనానా స్టూడియో పెట్టిస్తానన్నాడని చెప్పాను. ఆయన స్టాండు మడుస్తూ విన్నాడు.

మర్నాడు ఆ ప్లేటు కడగడానికి చీకటి గదిలోకి వెళ్లాను. యుద్ధం మూలాన విలాయతీ ప్లేట్లు దొరకడం లేదు, చర్చిలో తీసింది ఆ ఒక్కటే. దాన్ని మందులో వేశానో లేదో మా ఆయన తలుపు తట్టాడు.

“ప్లేటు ఏసినవా?”

“ఏసిన. తలుపు తియ్యకుండ్రి.”

“లేదు లేదు, నువ్వు నీ పని చూస్కో” అన్నాడు మెత్తగా. ఆ వెంటనే ముందు గదిలో కుర్చీ జరిపిన చప్పుడైంది. “రాండ్రి టీచరమ్మా, కూసోండ్రి.”

“మాణిక్యమ్మతోని మాట్లాడదామని వచ్చిన” అంది కరుణమ్మ. “మా బడిల పెద్ద పిల్లలంత పరదాలోళ్లు. ఏటేటా వాళ్ల ఫోటోలు కావాలె. మగోళ్లను రానియ్యరు. ఆమెను పంపుతరా? ఆమె పేరు మీదనే కమిటీకి చెప్త.”

పళ్లెం ఊపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆపితే మరకలు పడతాయని మళ్లీ ఊపాను.

“అయ్యో, ఆమెకేమొస్తది టీచరమ్మా!” అన్నాడు మా ఆయన. “పళ్లాలు కడుగుతది, గంతే. చర్చిల గూడ నేను చెప్పినట్టు అద్దం తిప్పింది. పైగ కండ్లు మంచిగ కనపడవు పాపం, మందు వాసనకు పోయినయ్. నేనే వస్త. నడుమ పరదా కట్టి కెమెరా నేను సవరిస్త, మీ ఆయా ఒత్తితె అయిపాయె.”

“మరి ఆమెకు స్టూడియో పెట్టిస్తమన్నరట గద?”

“ఆ గదా? మా తమ్ముడు ప్రహ్లాద్‌కిచ్చిన. కిరాయి సైకిళ్ల దుకాణం పెడ్తుండు. పని సాగాలంటె ఆడోళ్లకు ఏదో ఒకటి చెప్తుండాలె గద!”

“ఒక్కసారి ఆమెనే అడుగుత.”

“ఇప్పుడామె బయటికి రానీకి లేదు. ఆ తలుపు తీస్తె మీ చర్చి ఫోటో ఖరాబైతది” అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నాక గాని నాకు తెలియలేదు, తలుపు తట్టి ప్లేటు వేశావా అని ఎందుకు అడిగాడో. నా పనితోనే నన్ను లోపల పెట్టి గడియ వేసినట్టు చేశాడు. గది పోయినందుకు ఏడ్చి ఊరుకునేదాన్నేమో. కండ్లు కనపడవన్నాడు! రాత్రింబవళ్లు లాంతరు ముందు కూర్చుని ఎవరెవరి పెండ్లికొడుకులనో అందగాళ్లను చేసిన కండ్లు ఇవి. పళ్లెంలోకి చూస్తే ముందు కిటికీలు, వాటి వెనకే కప్పు, పూలు, తీగలు ఒక్కొక్కటీ లేస్తున్నాయి. అంత మంచి బొమ్మ నా చేతిలో ఎప్పుడూ లేవలేదు. ఇంకొంచెం సేపు ఓపిక పడితే అది నిలిచిపోతుంది. కింద ఆయన పేరుతో చర్చి గోడ మీద నూరేళ్లు ఉంటుంది. ఈలోగా టీచరమ్మ లేచి వెళ్లిపోతుంది. చెడగొట్టడానికి నాకు చేతులు రాలేదు. నిజంగా ఏడుపొచ్చింది.

అయినా బొంత గుంజి, లోపలి గడియ తీశాను.

పళ్లెం చేతుల్లోనే ఉంచుకుని ముందు గదిలోకి వచ్చాను. కరుణమ్మ వంగి చూసింది. ఆమె కంటికి కప్పు మీది పూలు కాసేపే ఆనాయి, చూస్తుండగానే ప్లేటంతా నల్లబడిపోయింది.

“దిమాక్ ఖరాబైందా నీకు? తలుపెందుకు తీసినవే?” అని అరిచాడు మా ఆయన.

“నా కండ్లు మంచిగనే కనపడ్తయని చెప్పనీకి.”

“అయ్యో, సోమారం వడ్లోళ్లొస్తరు గద” అంది కరుణమ్మ.

“శాలిబండ సేటు ఇంట్ల పెండ్లికని దాచిన ప్లేటు ఒకటున్నది. రేపు పొద్దుగాల తీస్త” అన్నాను.

“నేను రాను. నేను లేకుండ ఎట్ల తీస్తవో చూస్త” అన్నాడాయన.

“మీరు రాకున్నా ఎండైతె వస్తది” అన్నాను. పళ్లెం కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఆయన కూర్చునే కుర్చీ లాక్కుని కరుణమ్మ ఎదురుగా కూర్చున్నాను.

“టీచరమ్మా, మీ బడిల కిటికీలు ఏ దిక్కుకున్నయ్?”