మాటల్లేని పేజీలు

“పక్కన కూర్చుని చదివేది నువ్వేగా, పిల్ల పుస్తకం నిండా గీకుతుంటే కళ్ళెక్కడ పెట్టుకున్నావు?” అన్నాడు భర్త, బళ్ళోంచి వచ్చిన చీటీని బల్ల మీద పడేస్తూ. చీటీ రాసింది లైబ్రరీ టీచరు. మీ అమ్మాయి బొమ్మల పుస్తకంలో పెన్సిల్‌తో రాతలు రాసింది, సోమవారానికల్లా శుభ్రంగా తుడిచి పంపకపోతే ఈ ఏడాది మళ్ళీ పుస్తకాలిచ్చేది లేదు, అని. ఆ ఒక్క మాటా అనేసి ఆయన టీవీ ముందుకి వెళ్ళిపోయాడు. తుడవడం ఎవరి పనో వేరే చెప్పాలా? వంటగట్టు తుడిచేది ఆవిడ, ఈ బల్ల తుడిచేది ఆవిడ, పిల్ల ముక్కు తుడిచేదీ ఆవిడే. ఇప్పుడు పుస్తకం ఒకటి కలిసింది, అంతే.

శనివారం కాబట్టి ఆస్పత్రి నుంచి మధ్యాహ్నానికే వచ్చింది. పదమూడేళ్ళుగా ఎక్స్‌రే గదిలో పని. ఊపిరి పీల్చండి, బిగపట్టండి, కదలకండి, ఆ, ఇక వదలండి. రోజుకి వందసార్లైనా అంటుంది ఆ మాటలు. సొంత ఊపిరి ఎప్పుడు వదిలిందో మాత్రం అడక్కండి. కూతురి పెన్సిల్ పెట్టె తీసి రబ్బరు వెతుక్కుంది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఇంకో కాయితం ఉంది. అదీ సోమవారానికే ఇవ్వాలి. ముందు ఇది కానిద్దాం అనుకుంది.

పిల్లకి ఎనిమిదేళ్ళు. పుట్టినప్పుడు గింజంత ఉండి ఇల్లెగిరిపోయేలా ఏడ్చిందని నాయనమ్మ ‘మిరియం’ అంది, అదే ఖాయమైపోయింది. మిరియానికి చదవడం రాక కాదు, అమ్మ గొంతు మార్చి చదువుతుంటే వినాలి దానికి. మబ్బుల మంత్రగత్తె ఒక రాణి గొంతుని సీసాలో బంధించి ఎత్తుకుపోతుంది. ఆ గొంతు కోసం రాణి కూతురు ఎగిరే తాబేలెక్కి ఆకాశం మీద పడుతుంది. ఇదీ కథ. తాబేలుకి మహా విసుగు. దాని గొంతు అమ్మ భలే పలికిస్తుంది, అందుకు ప్రత్యేకంగా సాధన అక్కర్లేదు. సాయంత్రం పొయ్యి దగ్గరే ఈ చదువు. ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో పుస్తకం. మాటలున్న బుడగ వస్తే చదివేది, లేకపోతే పేజీ తిప్పేసేది. రాణి తల పక్కన బుడగలన్నీ ఖాళీ, గొంతు లేదు కదా మరి. అలాంటి పేజీలొస్తే నాలుగేసి కలిపి తిప్పేసేది. “అమ్మా, వదిలేశావ్” అంది పిల్ల మొదట్లో. “అందులో మాటల్లేవే తల్లీ, చదవడానికేముంది?” అంది ఆవిడ. రెండోసారీ అదే మాట. ఆ తర్వాత పిల్ల అడగడం మానేసింది. ‘అమ్మయ్య, తెలివొచ్చింది’ అనుకుని సంబరపడింది కూడానూ.

పుస్తకం తెరిచింది. కోట బురుజు మీద రాణి, ఎదురుగా నిప్పులు కక్కే పక్షి. రాణి పక్కన బుడగలో మిరియం గుండ్రటి అక్షరాలు: ‘అయ్యో, కూర మాడుతోంది!’ పక్కున నవ్వింది ఆవిడ. ఇంకో పేజీలో తాబేలుతో: ‘ముందు చేతులు కడుక్కుని రా.’ దొంగ పిల్ల, ఎంత గడుసుదో! రబ్బరుతో మెల్లగా రుద్దింది, బొమ్మ చెదరకుండా. ఇంకో పేజీ. రాజుగారు భోంచేస్తున్నాడు, రాణి పక్కన నిలబడి ఉంది. ‘మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను.’ నవ్వు కాస్త తగ్గింది. ఇంకోటి. రాణి కిటికీలోంచి చూస్తూ ఏడుస్తోంది. ‘ఏం లేదు, కంట్లో నలక పడింది.’ రుద్దుతున్న చెయ్యి ఆగిపోయింది. నలక నిజం కాదని పిల్లకి అప్పుడే తెలుసు, తెలిసినట్టు పైకి తేలనివ్వకుండా ఊరుకుందన్నమాట. ‘మీ ఇష్టం.’ ‘సరేనండీ.’ ‘మెల్లగా, నాన్న వింటారు.’ ఇవన్నీ ఎవరి మాటలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. తల కొట్టేసినట్టయింది. రోజంతా బొమ్మలు చూసి బతికే మనిషి, ఎముకలో వెంట్రుకంత గీతని పట్టుకునే మనిషి, కన్నకూతురు చూపించిన బొమ్మ ఒక్కటీ చూడలేదు.

అన్నిటికంటే ఎక్కువసార్లు రాసిన మాట ఇంకోటుంది. ‘తప్పు నాదేలెండి.’ లెక్కపెట్టింది. పదకొండు. పాలు పొంగితే నాదే, ఆయన కళ్ళద్దాలు కనపడకపోతే నాదే, అత్తగారికి జలుబు చేస్తే కిటికీ తెరిచింది నేనే కాబట్టి అదీ నాదే. ఆ మాట అనేస్తే గొడవ అక్కడితో తెగిపోతుంది, వంటకి ఆలస్యం కాదు, ఇల్లు చల్లగా ఉంటుంది. అందుకని అలవాటు చేసుకుంది. పదకొండోది మంత్రగత్తె సీసా మూత బిగించే బొమ్మ దగ్గరుంది. ‘తప్పు నాదేలెండి డాక్టరు గారూ.’ గురువారం సాయంత్రం మాట అది. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని గరిటె తిప్పుతూ అంది. పిల్ల అక్కడే గట్టు మీద కూర్చుని ఉంది, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని.

ఆ ఫోను సంగతి ఇది. మూడు వారాల కిందట బట్టలు కుట్టుకునే ఒక పెద్దావిడ జారిపడి వచ్చింది. కుడి మణికట్టు. ఫిల్మ్‌లో సన్నటి పగులు స్పష్టంగా కనిపించింది. “ఇక్కడ పగులున్నట్టుందండీ” అని ఈవిడ అంటే, ఎముకల డాక్టరు ఆ పెద్దావిడ ముందే, “ఫోటో తీయడమమ్మా మీ పని. చదవడానికి మేమున్నాం” అన్నాడు. మొహం మాడిపోయింది ఈవిడకి. ఇక నోరెత్తలేదు. వాపే అని కట్టు కట్టి పంపేశాడు. మొన్న సోమవారం పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఎముక వంకరగా అతుక్కుంది. కత్తెర పట్టబోతే వేళ్ళు ముడుచుకోవడం లేదు. “కుట్టుకోకపోతే నేనెలా బతకాలమ్మా?” అని ఎక్స్‌రే తీసిన ఈవిణ్ణే అడిగింది, డాక్టర్ని కాదు. గురువారం ఆ డాక్టరే తేనె పూసిన గొంతుతో ఫోన్ చేశాడు. “ఫిల్మ్ మసగ్గా వచ్చిందని రెండు ముక్కలు రాసివ్వండమ్మా, సోమవారం పెద్ద డాక్టరు అడుగుతారు. మీకేం కాకుండా నేను చూసుకుంటాగా.” భర్తకి చెబితే, “రాసిచ్చేయ్, పోయేదేముంది? ఉద్యోగం చేసుకునేదానివి, నీకెందుకు పెద్దవాళ్ళ గొడవ?” అన్నాడు. చిత్తుగా పెన్సిల్‌తో రాసి పెట్టుకుంది కూడా. బ్యాగ్‌లో ఉన్న కాయితం అదే.

అయినా మూడు వారాలుగా నిద్రపట్టనిది ఆ కాయితం గురించి కాదు. ఆ రోజు పెద్దావిడ గుమ్మం దాటుతుంటే, ‘ఆగండి, ఇంకో డాక్టరుకి చూపించుకోండి’ అనాల్సింది. మాట పెదవుల దాకా వచ్చింది. ఊపిరి బిగపట్టి ఊరుకుంది. తనవి కాని తప్పులన్నీ ఇన్నేళ్ళూ నాదే నాదే అని నెత్తికెత్తుకుంది కదా, తీరా నిజంగా తనదైన తప్పు దగ్గరికొచ్చేసరికి ఆ మాట అరిగిపోయి ఉంది. ఎవరికి చెప్పినా పట్టించుకునేలా లేరు.

పేజీలు తుడుచుకుంటూ చివరికొచ్చింది. ఎన్నడూ ఇంత దూరం చదవలేదు, ఈలోగా పొయ్యో, ఫోనో పిలిచేది. రాణి కూతురు సీసా పగలగొడుతుంది. ఆఖరి పేజీ అంతా రాణి ముఖమే. నోరు తెరిచి ఉంది. పక్కన పళ్ళెమంత బుడగ. ఖాళీ. పెన్సిల్ చుక్క కూడా లేదు. పిల్ల తుడిచేసిందేమోనని కాయితం వెలుతురులో పెట్టి, ఎక్స్‌రే చూసినట్టు చూసింది. లేదు, ఇక్కడేం రాయనేలేదు.

“మిరియం, ఇలా రా.”

తిట్లు పడతాయనుకుని పిల్ల తలుపు దగ్గరే ఆగిపోయింది. “తుడిచేస్తాలే అమ్మా, నేనే తుడిచేస్తా.”

“తుడవడానిక్కాదులే. ఇంత పెద్ద బుడగ వదిలేశావే, ఇక్కడేం రాయలేదేం?”

పిల్ల దగ్గరికొచ్చి తొంగిచూసింది. “అక్కడ ఆవిడకి గొంతొచ్చేసిందిగా. గొంతొస్తే నువ్వేం మాట్లాడతావో నాకు తెలీదు.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్ల ముఖంలోకి చూసింది. నలక అనబోయి మానేసింది. “ఏడుపొస్తోందే” అంది. పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

బ్యాగ్‌లోంచి కాయితం తీసింది. ‘ఫిల్మ్ మసగ్గా రావడం వల్ల’ అన్న చోట రబ్బరు పెట్టి రుద్దింది. గట్టిగానే రుద్దింది, కాయితం ఒకచోట పొర లేచింది కూడా. భయం వేయకుండా లేదు. సోమవారం తర్వాత ఆ ఎక్స్‌రే గదిలో తను ఉంటుందో లేదో, ఇంట్లో ఏమేం మాటలు పడాలో.

“అయిందా తుడవడం?” టీవీ ముందు నుంచి కేకేశాడు భర్త. “అయితే కాస్త టీ పడేయ్.”

“అయిందండీ. ఇప్పుడు రాసుకుంటున్నాను” అంది. టీ మాట ఎత్తలేదు.

పెన్సిల్ పక్కన పెట్టి పెన్ను తీసుకుంది. ఆవిడ రాస్తుంటే మిరియం భుజం మీంచి వంగి ఒక్కో మాటా పైకే చదివింది, తాబేలు గొంతుతో కాదు, తన గొంతుతోనే. “ఫిల్మ్ స్పష్టంగా ఉంది. పగులు నాకు ఆ రోజే కనిపించింది, డాక్టరు గారితో చెప్పాను. ఆయన కసిరితే ఊరుకున్నాను. ఊరుకోవడం ఒక్కటే నా తప్పు.”