సగంలో ఆపిన సినిమా

మా దీవుల రాజధాని సువాలో జరిగే సినిమా పండుగ రెండో రోజున లితియానా తీసిన మొదటి సినిమా వేశారు. రేవా నదిలో మునిగి కై అనే ఆల్చిప్పలు ఏరే ఆడవాళ్ళ కథ అది. పత్రికకు సమీక్ష రాయడానికి వెళ్ళిన నేను ఆ సంగతే మరిచిపోయి చూస్తున్నాను. తెర మీద తల్లి నీళ్ళలో మునిగింది. ఎంతసేపటికీ పైకి రాలేదు.

సరిగ్గా అప్పుడే లైట్లు వెలిగాయి. మంత్రిగారు వచ్చారట, ప్రసంగిస్తారట.

ప్రసంగం అయ్యాక వేరే సినిమా మొదలుపెట్టబోయారు. నిర్వాహకుడి పేరు అపకుకి, నాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాడే. వెళ్ళి నిలదీశాను.

"మిగతాది ఎప్పుడు వేస్తావు?"

"టైం లేదక్కా. చిన్న సినిమాయేగా! బాగుందని రాసెయ్."

"ఆ తల్లి బతికిందో చచ్చిందో తెలీకుండా ఏం రాయమంటావురా? మంత్రి బాగా మాట్లాడాడని రాయనా?"

వెనక వరసల్లో నవ్వులు లేచాయి. అపకుకి మొహం మాడిపోయింది.

"పోనీలే అక్కా, గొడవెందుకు" అంది లితియానా, గోడవారగా నిలబడి.

ఆ మాటతో నా ఒళ్ళు మండింది. "నువ్విట్లా సర్దుకుపోబట్టే వీళ్ళకి లోకువయ్యాం" అని వేదికెక్కి తెరకు అడ్డంగా నిలబడ్డాను. "ఆమె పైకొచ్చేదాకా నేను దిగను!"

సినిమాలో నటించిన రేవా ఆడవాళ్ళు కూడా వచ్చి నా పక్కన నిలబడ్డారు. చివరికి అపకుకి దిగొచ్చి మిగతా సగం వేయించాడు.

తల్లి ఒడినిండా కైతో పైకి వచ్చింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. మంత్రిగారూ ఆయన మనుషులూ టీ తాగడానికి వెళ్ళిపోయారు గనక ముందు వరస మాత్రం ఖాళీగా ఉంది. సమీక్షలో అది కూడా రాశాను.