ఆరు నెలల లోపు ఫోటో

పొద్దున్నే తన ఫోటో స్టూడియో షట్టరెత్తగానే పిన్ని చేసే మొదటి పని షోకేసు అద్దం తుడవడం. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, ఆపైన పాత పేపరు ఉండచుట్టి ఇంకోసారి. అప్పటికే ఇద్దరు ముగ్గురు అద్దం ముందు నిలబడి ఉంటారు.

"జరగండమ్మా, మీ ముక్కుల మరకలు తుడవలేక చస్తున్నా" అంటుంది పిన్ని.

వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆమె గుడ్డ తీయగానే మళ్ళీ అద్దానికి అతుక్కుంటారు.

షోకేసులో ఉన్నవన్నీ పాస్‌పోర్టు సైజు ఫోటోలే. వీసా దరఖాస్తులు తీసుకునే ఆఫీసు వీధి చివరే ఉంది కాబట్టి స్టూడియోకి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది విదేశాలకి పోయేవాళ్ళే. వెనక తెల్ల తెర ఉండాలి, రెండు చెవులూ కనబడాలి, పళ్ళు కనబడకూడదు. దేశం దాటాలంటే ముందు నవ్వు మానుకోవాలి. ఆ రూలు పెట్టింది ఎవరో గానీ, అవతల ఏం జరగబోతుందో తెలిసినవాడే అయి ఉంటాడు.

పిన్ని వాడేది మూడుకాళ్ళ పాత కెమెరా. దాంతో తీసిన ఫోటో కాగితం మీద ఉన్నంతకాలం మనిషితోపాటు మారుతూ ఉంటుంది. మనిషి గడ్డం పెంచితే ఫోటోకీ గడ్డం వస్తుంది. జలుబు చేస్తే ముక్కు ఎర్రబడుతుంది. అక్కడ మనిషి వానలో తడిస్తే ఇక్కడ ఫోటోలో జుట్టు తడుస్తుంది. కంప్యూటర్లోకి ఎక్కిస్తే మాత్రం మామూలు ఫోటో అయిపోయి, ఎక్కించిన రోజు మొహంతోనే ఉండిపోతుంది. ఇదంతా వీధిలో ఎవరికీ విడ్డూరం కాదు. దాని గురించి మాట్లాడేది పిన్ని ఒక్కతే, అదీ ఫిర్యాదుగా.

"వీసా ఆఫీసువాళ్ళు ఆరు నెలల లోపు ఫోటో కావాలంటారు. నా ఫోటో ఏరోజుకారోజు కొత్తదే. ఒకసారి తీయించుకున్నవాడు మళ్ళీ నా గుమ్మం తొక్కడు. ఈ కెమెరా నా పొట్ట కొట్టడానికే పుట్టింది."

పొట్ట సంగతి ఎలా ఉన్నా, ఆమె ప్రతి మనిషి ఫోటోనూ ఒక కాపీ షోకేసులో పెడుతుంది. వెళ్ళినవాళ్ళ ఇళ్ళవాళ్ళు పనికి పోతూ, కూరగాయలకి పోతూ ఒక నిమిషం ఆగి చూసుకుంటారు. "మావాడు లావయ్యాడు, తిండి ఒంటబడుతోంది." "మా అక్క ఎవరితోనో పోట్లాడి వచ్చినట్టుంది, ఆ మూతి చూడు." ఫోన్లో బావున్నామనే అంటారు అందరూ. అద్దం ముందు నిలబడితే ఎంత బావున్నారో తెలుస్తుంది.

రోజూ వచ్చేవాళ్ళలో వదిన ఒకతె. రెడీమేడ్ బట్టల యూనిట్లో కాజాలు కుడుతుంది. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టగానే డబ్బా చేత్తో పట్టుకుని వచ్చి, పై వరసలో ఉన్న మొగుడి ఫోటో ముందు నిలబడుతుంది. అతను ఎత్తైన భవనాల నగరంలో లిఫ్టు మెకానిక్కు. రెండేళ్ళ వీసా మీద వెళ్ళాడు. మూడో ఏడు సగం దాటింది. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. అడిగితే ఈ పనయ్యాక అంటారు, ఆ పనయ్యాక ఇంకో పని వస్తుంది.

"ఏమయ్యా, మళ్ళీ నిద్రేనా?" అని అద్దం మీద వేలితో తట్టింది వదిన ఆ రోజు కూడా.

అక్కడా ఇక్కడా దాదాపు ఒకటే టైము. పట్టపగలు ఫోటోలో అతని కళ్ళు మూసుకుని ఉన్నాయి. కళ్ళ కింద బొగ్గు రాసినట్టు నలుపు. కాసేపటికి రెప్పలు ఉలిక్కిపడినట్టు తెరుచుకుంటాయి. ఎవరో లేపి ఉంటారు. రాత్రంతా పని, పగలు మళ్ళీ పిలుపు. అదే కంపెనీకి ఈ వీధి నుంచి వెళ్ళిన మిగతావాళ్ళవీ ఒకే వరసలో ఉన్నాయి, అన్నీ అవే కళ్ళు.

వాళ్ళని అక్కడికి పంపిన, ఎదురుగా ఆఫీసున్న ఏజెంటు ఆ వరసను పరదాతో కప్పేయమని పిన్నికి చాలాసార్లు చెప్పి చూశాడు.

"కొత్త ఊరి నీళ్ళమ్మా. పడటానికి టైం పడుతుంది" అన్నాడు ఈసారి.

"ఇన్నేళ్ళుగా పడని నీళ్ళు ఏం నీళ్ళు బాబూ?" అంది పిన్ని, అద్దం తుడవడం ఆపకుండా.

సరిగ్గా అప్పుడే లిఫ్టు వచ్చింది. లిఫ్టు అంటే వదిన ఆడపడుచు. అన్న దగ్గర పని నేర్చుకుని, తర్వాత డిప్లొమా చదివి, ఊళ్ళో ఆసుపత్రి లిఫ్టులన్నీ తనే చూస్తుంది. ఆ పనికి ఆడపిల్లేంటని మొదట్లో నవ్వినవాళ్ళు పెట్టిన పేరది. ఇప్పుడు దాన్ని గౌరవంగానే పిలుస్తారు, లిఫ్టు ఆగిపోతే మరీ గౌరవంగా.

ఆమె చేతిలో పాస్‌పోర్టు ఉంది. "స్టాంపు పడింది వదినా. మూడేళ్ళు."

"ఏ కంపెనీ?" వదినకి తెలిసినా అడిగింది.

"అన్న కంపెనీయే."

వదిన డబ్బా మూత తీయకుండానే మెట్టు మీద కూర్చుంది. "ఒకళ్ళని మింగింది చాలదా? ఇంకో మెతుకు వేస్తావా దానికి?"

"మింగడానికి నేను మెతుకును కాను. గొంతులో అడ్డం పడతాను."

"సినిమా మాటలు మాట్లాడకు."

"సరే, పని మాటలే మాట్లాడతా. అక్కడి లిఫ్టుల్లో బటన్ల పక్కన ఒక ఫ్రేము ఉంటుంది, తెలుసా? ఆ లిఫ్టు బాగోగులు చూసే మెకానిక్కు ఫోటో అందులో పెట్టాలి. చట్టం అది. ఎక్కేవాళ్ళకి తమ ప్రాణం ఎవరి చేతిలో ఉందో తెలియాలట. అన్న ఒకసారి నవ్వుతూ చెప్పాడు, గుర్తుందా? తను చూసే లిఫ్టులన్నిట్లో ఎవడో టై కట్టుకున్నవాడి ఫోటో ఉందని. వాడు జన్మలో స్పానర్ పట్టుకుని ఉండడు."

"అయితే?"

"ఎవరు పని చేస్తే వాళ్ళ ఫోటో పెట్టాలి కదా. ఆరు నెలల లోపుది." ఆమె పిన్ని వైపు తిరిగింది. "పిన్నీ, ఆ వరసలో వాళ్ళందరివీ నాకు కాపీలు కావాలి. లిఫ్టుకొకటి చొప్పున."

ఏజెంటు ఇదంతా వినడానికి లేడు. వీసా స్టాంపు చూడగానే తన ఖాతాలో ఇంకొకటి పడిందని ఉత్సాహంగా ఆఫీసులోకి వెళ్ళిపోయాడు.

పిన్ని మాత్రం గుడ్డ పక్కన పెట్టింది. "మొహాలు వాళ్ళవి. వాళ్ళని అడక్కుండా నేనెలా ఇస్తానే?"

"అడిగే పెడతాను. ఎవరు వద్దంటే వాళ్ళవి తిరిగి నీకే పంపిస్తా."

"నీ వీసా పీకి ఇంటికి పంపిస్తే?" అంది వదిన. "నువ్వొక్కదానివే కాదు. మీ అన్నకి ఇంకా కష్టం చేస్తారు. ఉన్నదీ పోతుంది."

"ఉన్నదేంటో ఒకసారి చెప్పు వదినా."

వదిన అద్దం వైపు చూసింది. ఫోటోలో అతను మళ్ళీ నిద్రలోకి జారుతున్నాడు, తల ఒక పక్కకి ఒరిగి, ఒక చెవి ఫ్రేములోంచి బయటికి పోయింది. ఆ వంకర తల చూసి వదిన మెట్టు మీంచి లేచింది. డబ్బా తీసి సగం లిఫ్టు చేతిలో పెట్టింది.

సరిహద్దులు సరుక్కి అడ్డం రావు, మనిషికే వస్తాయి. ఇనప తాళ్ళూ మోటార్లూ ఏ వీసా లేకుండా ఎన్ని దేశాలైనా దాటుతాయి. వాటిని బిగించే చేతులకి మాత్రం వేలిముద్రలూ, పోలీసు సర్టిఫికెట్లూ, ఊపిరితిత్తుల ఎక్స్‌రేలూ కావాలి. లిఫ్టు అన్నీ ఇచ్చింది. పిన్ని తీసిన ఫోటోలో రూలు ప్రకారం పెదవులు మూసుకునే ఉంది గానీ, ఎడమ కనుబొమ మాత్రం కాస్త పైకి లేచింది. దాన్ని దింపమని పిన్ని ఎంత చెప్పినా దిగలేదు. కనుబొమల గురించి రూలేమీ లేదు కాబట్టి చెల్లింది. ప్రయాణం రోజున కాపీల కవరును పెట్టెలో కాకుండా తన పనిచొక్కా లోపలి జేబులో పెట్టుకుంది.

"ఫోన్లో నేనేం చెప్పినా పట్టించుకోకు వదినా. ఫోటో చూడు."

వెళ్ళిన కొత్తలో ఫోటోలో ఆమె బాగానే ఉంది. తర్వాత కళ్ళ కింద నలుపు మొదలైంది. ఒక మధ్యాహ్నం వదిన వచ్చేసరికి అన్నాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కన కళ్ళు మూసుకుని ఉన్నారు.

"అయిపోయింది పిన్నీ. దీన్నీ మింగేసింది."

"కనుబొమ చూడు" అంది పిన్ని.

నిద్రలో కూడా అది పైనే ఉంది.

ఆ వారమే ఫోన్ వచ్చింది. మాట గుల్లగా వినబడటంతో స్పీకర్లో పెట్టించారని వదినకి అర్థమైంది. అక్కడి సూపర్వైజరు మనవాడే. మన మాటలు వినడానికి మనవాణ్ణే పెట్టుకున్నారు.

"ఎలా ఉన్నావే?"

"బ్రహ్మాండంగా ఉన్నా వదినా. ఇక్కడ జనానికి ఈ మధ్య ఆరోగ్యం మీద శ్రద్ధ పెరిగింది. అందరూ మెట్లెక్కుతున్నారు."

"మెట్లా? అంతెత్తు బిల్డింగులకి?"

"అవును. ముసలివాళ్ళు కూడా. మధ్యమధ్యలో కూర్చుని మరీ ఎక్కుతున్నారు."

వెనకనించి మగ గొంతు ఏదో గద్దించింది. "వ్యాయామం గురించి సార్" అని లిఫ్టు జవాబిచ్చింది. ఫోన్ కట్టయింది.

తర్వాత ఎన్నాళ్ళో కాలేదు. ఒక మధ్యాహ్నం, యూనిట్లో దారం తెగి కాజా మిషన్ ఆగిపోతే, వదిన బెల్లుకి ముందే వచ్చేసింది. షోకేసు ముందు నలుగురైదుగురు గుమిగూడి ఉన్నారు. పిన్ని కూడా లోపలినించి వచ్చి నిలబడింది.

పై వరసలో అన్ని కళ్ళూ తెరుచుకుని ఉన్నాయి.

నిద్రలోంచి ఎవరో లేపిన కళ్ళలా లేవవి. కంటినిండా నిద్రపోయి, తమంతట తాము లేచిన కళ్ళు. అందరి చూపూ ఒకే వైపుంది, ఎదురుగా నిలబడి ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు. వదిన మొగుడి పెదవి ఒక మూల వణికింది, సాగింది, చివరికి పళ్ళన్నీ బయటపడ్డాయి.

"ఇక ఈ ఫోటో వీసాకి పనికిరాదు" అంది పిన్ని. చీరకొంగు తీసి అద్దం తుడవబోయి, తుడవాల్సింది అద్దాన్ని కాదని తెలిసి కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం వచ్చిన ఫోన్లో మాట గుల్లగా లేదు.

"స్పీకర్ తీసేశారు వదినా. అన్నీ చెప్తా విను. ముందు అన్ననీ మిగతావాళ్ళనీ అడిగాను. ఇద్దరు వద్దన్నారు, వాళ్ళవి పక్కన పెట్టేశా. మిగతావి ఎవరి లిఫ్టులో వాళ్ళవి బిగించా. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఒకావిడ రోజూ మధ్యాహ్నం పిల్లాణ్ణి స్కూలునించి తెచ్చుకుంటుంది, ఆవిడ అడిగింది, ఈయన ఎప్పుడూ నిద్రపోతాడేమని. ఇంకో రోజు ఒక పెద్దాయన సాయంత్రం ఎక్కాడు. ఫోటోలో అన్న రెప్పలు వాలిపోతున్నాయి. ఈయనిప్పుడు ఎక్కడున్నాడని లిఫ్టులో ఉన్న గార్డుని అడిగితే, పైన మోటారు గదిలో పక్క లిఫ్టు బ్రేకు బిగిస్తున్నాడని చెప్పాడు. పెద్దాయన తర్వాతి అంతస్తులోనే దిగిపోయాడు. అంతే, బిల్డింగంతా పాకిపోయింది."

"కంపెనీవాళ్ళు ఊరుకున్నారా?"

"ఫోటోలు పీకి టై ఆయన్ని పెట్టబోయారు. జనం, ఆయన్నే రమ్మనండి, మా ముందు ఒక తాడు మార్చమనండి అన్నారు. ఆయన అసలు ఏదో చొక్కాల దుకాణం ప్రకటనలోని బొమ్మట వదినా. ఇక చేసేది లేక షిఫ్టులు మార్చారు. ఎనిమిది గంటల పని, రాత్రి చేసినవాడికి పగలు పిలుపు లేదు. ఈ రోజు కార్మిక శాఖ ఆవిడ వచ్చి అందర్నీ నిలబెట్టి చదివి వినిపించింది. బీరువా తాళం కూడా తీయించింది. ఎవరి పాస్‌పోర్టు వాళ్ళ చేతిలో ఉంది."

"పాపం, మంచివాళ్ళే. మీమీద జాలిపడ్డారు" అంది వదిన.

"జాలా? వాళ్ళ ప్రాణం వాళ్ళకి తీపి. మా నిద్ర గురించి కాదు, తాడు గురించి భయం. ఫర్వాలేదులే. జాలి పొద్దున వచ్చి సాయంత్రం పోతుంది. భయం లిఫ్టెక్కిన ప్రతిసారీ వస్తుంది."

"మీ అన్న?"

"మాట్లాడు. ఇక్కడే ఉన్నాడు." కానీ అవతలినించి మాటేమీ రాలేదు. ఊపిరి మాత్రం వినబడింది. వదిన కూడా అంతే మాట్లాడింది.

ఇప్పుడు ఏజెంటు ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ముందు షోకేసు దగ్గర ఆగుతున్నారు. ఏ కంపెనీ వాళ్ళ కళ్ళు ఎలా ఉన్నాయో చూసుకుని, రోడ్డు దాటాలో వద్దో అక్కడే తేల్చుకుంటున్నారు. పరదా గురించి ఏజెంటు మళ్ళీ మాట్లాడలేదు. పైగా ఒకరోజు పిన్నికి కొత్త ట్యూబులైటు తెచ్చిచ్చాడు, కళ్ళు బాగా కనబడతాయని.

వానలు మొదలైన రోజు, మధ్యాహ్నం బెల్లు తర్వాత, వదిన గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చి స్టూడియో చూరు కింద నిలబడింది. అలవాటుగా పైకి చూసింది. మొగుడి జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయి ఉంది. చూస్తుండగానే ఒక చుక్క ముక్కు మీదికి జారింది.

"పిన్నీ, షోకేసులోకి నీళ్ళు కారుతున్నాయేమో చూడు."

పిన్ని వెనక తలుపు తీసి చెయ్యి పెట్టి చూసింది. "పొడిగానే ఉంది."

వదిన పక్క ఫోటో చూసింది. లిఫ్టు జుట్టు పొడిగా ఉంది. అక్కడ ఎండగా ఉన్నట్టుంది, ఆమె కళ్ళు చికిలించి ఏదో ఎత్తైనదాన్ని చూస్తోంది, కనుబొమ దాని చోట అది ఉంది. ఆ వరసలో ఇంకెవరి తలా తడవలేదు. ఒక్కడిదే.

వదిన మెల్లగా రోడ్డు వైపు తిరిగింది.