సామికంటిన మైల

తూ! ఆ గుడి మాటెత్తితే ఇప్పటికీ ఉమ్మేత్తాను.

సర్కారుమీద మన్నెంలో లేచిన ఫితూరీ అణిగిన మరుసటేడు మేం పెదబయల్లో రాములోరికి గుడి కట్టుకున్నాం. మేమంటే సంత వ్యాపారానికని దిగువనుంచి కొండెక్కొచ్చి పాతుకుపోనోళ్ళం. గుడికి పెద్ద మా ఇంటాయన, సన్యాసిరావు. కట్టమని ఆయన పేణం తీసింది మాత్రం నానే. మన్నెపు జొరానికి ఇద్దరు బిడ్డలు పోనారు. మూడోది, మా రత్నాలు పుట్టినప్పుడు నాకూ జొరమే, ఒళ్ళు తెలీదు. పక్కనున్న కొండోళ్ళ గూడెం రాజులమ్మ తన బిడ్డతోపాటు దానికీ పాలిచ్చి బతికించినాది. గుడి లేచిన్నాడు ఇద్దరం కలిసి మా రత్నాలు గుంటని సామి పాదాలమీద ఎడతామని మొక్కుకున్నాను.

"నన్ను రానిస్తారేటి, అప్పా?" అన్నాది రాజులమ్మ.

"ఎవడాపుతాడో సూత్తాను," అన్నాను.

విగ్రహాల్ని దిగువనుంచి ఘాటీ దారంతా కావిడేసి మోసుకొచ్చినోళ్ళు రాజులమ్మ పెనిమిటి సుక్రు, ఆడి జట్టు. కూడా వచ్చిన పూజారి నడిసొచ్చినాడేటి? డోలీలో కూకున్నాడు. దాన్ని మోసినవీ ఆ బుజాలే.

దిగీదిగగానే ఆయన నోట్లోంచి వచ్చిన మాట: "కొండవాళ్ళు ముట్టుకున్నారు. విగ్రహాలు మైలపడ్డాయి. పేడనీళ్ళు పొయ్యండి."

బిందెలకి బిందెలు పోసినారు. సుక్రు వాసిన బుజం నిమురుకుంటా బయటనించి సూత్తన్నాడు. నాకు ఒళ్ళు మండిపోనాది.

"పంతులుగారూ, డోలీలో మీకంటని మైల సామికెలాగంటిందండీ?" అన్నాను.

"నోర్మూసుకో," అన్నాడు మా ఇంటాయన.

గుంటని సంకనేసుకుని, రాజులమ్మ సెయ్యట్టుకుని గుడి గడప దాకా ఎల్లాను. మగోళ్ళు అడ్డమొచ్చినారు. మా ఇంటాయనైతే రాజులమ్మ మొహం సూడనేదు. ఆ పాలతో బతికిన గుంటకి తండ్రి!

"ఈవిడ పాలు తాగిందయ్యా మీ కూతురు! దానికెన్ని బిందెలు పోస్తారు?" అని అరిసాను.

సిగ్గుపడతారనుకున్నాను. సీ! పూజారి కాసేపాలోసించి, "అయితే పిల్లకీ పొయ్యాల్సిందే," అన్నాడు. మా ఇంటాయన నా సంకలోంచి గుంటని లాక్కుని, తన సేత్తోనే బిందెత్తి, ఆ కంపునీళ్ళు నెత్తిమీద గుమ్మరించీసినాడు.

గుంట ఉక్కిరిబిక్కిరై కెవ్వుమన్నాది. నాను సేతులు సాపితే నా ఏపు రానేదు. గడపవతలున్న రాజులమ్మ కోసం ఎగబడినాది. మా ఇంటాయన సేతుల్లోంచి లాక్కెళ్ళి రాజులమ్మకే ఇచ్చీసాను. ఆవిడ తన కోకచెంగుతో గుంట కళ్ళూ ముక్కూ తుడిసినాది.

"మరి నీ మొక్కో, అప్పా?" అన్నాది బెదురుగా.

గుంటని తీసుకుని, అందరూ సూత్తుండగా, రాజులమ్మ పాదాలమీద ఎట్టీసాను.

"తీరిపోనాది. పద."