ముందు బరువు పెట్టండి

గోదాములో తూకం వేసే మనిషిని అందరూ కాటా అనే పిలుస్తారు. పెళ్లైన కొత్తలో అతని భార్య కొన్నాళ్లు మొహమాటపడి, తర్వాత తనూ అదే పేరుకు అలవాటుపడిపోయింది. అతను దానికేమీ అనుకోలేదు. అసలు అతను దేనికీ పెద్దగా ఏమీ అనడు. మాటలు కూడా తూచి ఇస్తాడని హమాలీలు నవ్వుకుంటారు. చూపు మాత్రం ఊరుకోదు. బస్తా మోసే మనిషి ఏ కాలి మీద మొగ్గుతున్నాడో, లారీ కదిలేటప్పుడు ఏ మూల కుంగుతోందో చూస్తూ నిలబడిపోతాడు. ఎంత బరువుందో కాటా ముల్లు చెబుతుంది. ఆ బరువు ఎక్కడుందో ఏ ముల్లూ చెప్పదు. అతనికి ఎప్పుడూ ఆ రెండోదే ఆరా.

ఆ ఉదయం అతను నిచ్చెన కింద నిలబడి పైకి చూస్తున్నాడు. నిచ్చెన అంటే నిజం నిచ్చెన కాదు. కొండ మీది వాతావరణ కేంద్రానికి పోయే దారిలో చివరి నిటారు ఎగుడుకు అక్కడ ఆ పేరు. అంతా గులకరాళ్లు, మధ్యలో వానలు కోసిన గాడి. జీపు దాని మొదట్లోనే ఆగిపోతుంది. అక్కడి నుంచి సామాను మోసుకెళ్లే ముసలాయన మోకాళ్లు ఇక రానన్నాయి. వారం వారం బ్యాటరీలు, తిండి సామాను పైకి చేర్చే మనిషి కోసం కేంద్రంవాళ్లు చూస్తున్నారు. బండి మీద తీసుకొస్తానని కాటా భార్య వెళ్లి అడిగింది. నిండు బరువుతో ఆదివారం ఎక్కి చూపించు, పని నీదే అన్నారు.

ఆమె బండి రోడ్డు మీద తిరిగే రకం కాదు. సన్నగా, పొడుగ్గా, మొరటు గాట్ల టైర్లతో మట్టి దారుల కోసం చేసిన డర్ట్ బైక్. పట్నంలో మెకానిక్ షెడ్డు ఉన్న ఆమె అన్నయ్య, విరిగిన రెండు బళ్లను కలిపి ఒకటి చేసి చెల్లెలికి ఇచ్చాడు. ఎక్కలేకపోతే నా దగ్గరికి వచ్చేయ్, విడిభాగాల కౌంటర్లో కూర్చోబెడతానని కూడా అన్నాడు. అంటే వారమంతా పట్నంలో, సెలవు రోజు మాత్రం ఇంట్లో. ఆమె అటక మీది పెద్ద క్యాన్వాస్ సంచి దింపి దులిపి ముందు గది మూలన పెట్టుకుంది. కాటా ఆ మూల నుంచి నడవడం మానేసి, బీరువా పక్కగా చుట్టు తిరిగి వంటగదిలోకి పోతున్నాడు.

మొదట్లో బండి నిచ్చెన సగంలో చచ్చిపోయేది. రెండో గేరులో వెళ్తే లాగలేక దగ్గేది. ఒకటో గేరుకు దించే ఆ కాస్త వ్యవధిలో ఊపు పోయేది. ఆ మీదట ఇంజను గొంతు చించుకునేదే గాని బండి కదిలేది కాదు. ఆ సంగతి చెబితే అన్నయ్య ఒక పెద్ద స్ప్రాకెట్ పంపాడు. వెనక చక్రానికి బిగించే, గొలుసు తిరిగే పళ్ల చక్రం. దాంతోపాటు ఫోనులో సందేశం. చేతులకు ఎప్పుడూ గ్రీజే కాబట్టి అతని సందేశాలు పొట్టిగా ఉంటాయి.

‘ముందు బరువు పెట్టండి. తర్వాత స్ప్రాకెట్ మార్చండి.’

ఇద్దరూ బుద్ధిగా అలాగే చేశారు. కాటా ఇసుక తూచి, కేంద్రం సామానుకు సరిపడా బరువు మూటలు కట్టాడు. వాటిని సీటు వెనక క్యారియర్ మీద బిగించాకే స్ప్రాకెట్‌కు చెయ్యేశారు. బరువు పెట్టాక ఎందుకు మార్చాలో ఇద్దరికీ తెలియదు. మెకానిక్ చెప్పాడు కాబట్టి ఏదో కారణం ఉంటుందనుకున్నారు.

ఇప్పుడు బండికి లాగుడు వచ్చింది. ఒకటో గేరు మాట లేకుండా రెండో గేరులోనే నిచ్చెన సగం దాటింది. కాటా తలెత్తి చూస్తూనే ఉన్నాడు, ముందు చక్రం నేల వదిలింది. చిన్నగా లేచింది, ఇంకా లేచింది, గుర్రం రెండు కాళ్ల మీద నిలబడ్డట్టు నిలబడింది. భార్య జారి వెల్లకిలా పడింది. బండి ఆమె పక్కన పడి, కాసేపు వెనక చక్రం తిప్పుకుని ఊరుకుంది.

అతను పరుగెత్తి వెళ్లేసరికి ఆమె కూర్చుని మోచేతిలోంచి గులకరాళ్లు ఏరుకుంటోంది.

“దెబ్బ తగిలిందా?”

“తగలకుండా పడే విద్య మా అన్నయ్య నేర్పలేదు.”

“లాగుడు బాగుంది.”

“బాగుంది. నన్ను కిందేసి అదొక్కటే వెళ్లిపోదామనుకుంది.”

బండి నిలబెట్టబోయి కాటా ఆగిపోయాడు. హ్యాండిల్ దగ్గర ఎత్తితే తేలిగ్గా వచ్చింది. సీటు వెనక పట్టుకుంటే చేతులు కిందికి లాగాయి. మళ్లీ ముందు ఎత్తాడు, మళ్లీ వెనక ఎత్తాడు.

“ఏంటయ్యా, బండికి జ్వరమేమైనా చూస్తున్నావా?”

“ఇది ఎక్కడ బరువుందో చూడాలి,” అన్నాడతను. “గోదాముకు పద.”

భోజనాల వేళకు గోదాములో తూకాలు ఆగుతాయి. ముందు చక్రాన్ని కాటా బల్ల మీదికి ఎక్కించి, వెనక చక్రం కింద అదే ఎత్తుకు పలకలు పేర్చాడు. ఆమె బండెక్కి, ఒక చెయ్యి గోడకు ఆనించి కూర్చుంది. ముల్లు కదిలింది. తర్వాత బండిని తిప్పి వెనక చక్రం తూచాడు. ముల్లు మొదట చూపించినదానికి రెండింతలు దాటి పోయింది.

“ఇంత నేనేనా?” అందామె అనుమానంగా.

“నువ్వు కొంచెం. మూటలు ఎక్కువ.”

“కొంచెం అన్నావు చూడు, అందుకే నిన్ను చేసుకున్నాను.”

అతనికి అంతటితో తీరలేదు. ఎగుడులో ఏమవుతుందో చూడాలి. హమాలీల చేత కాటా బల్లను బస్తాల మీదికి ఎత్తించి, ముందు చక్రాన్ని దాని మీద పెట్టించాడు. బండి కొండెక్కుతున్నట్టు మూతి పైకెత్తింది. ముల్లు ఇందాకటికన్నా బాగా కిందికి దిగింది. ఉన్న బరువంతా ఉన్నచోటే ఉంది, ఎవరూ ఏమీ తియ్యలేదు. అయినా ముందు చక్రం మీద బరువు తగ్గింది. అతని ఒంట్లో ఏదో చక్కిలిగింత పెట్టినట్టయింది.

“లేచి నిలబడు,” అన్నాడు.

ఆమె ఫుట్‌రెస్టుల మీద నిలబడింది.

“ఛాతీ హ్యాండిల్ మీదికి తీసుకురా.”

ఆమె వంగింది. ముల్లు పైకి పాకింది. వెనక్కి వాలమన్నాడు, పడిపోయింది. ముందుకు వంగమన్నాడు, లేచింది. ఆమె ఒళ్లే తరాజు దండెలా అటూ ఇటూ ఊగుతుంటే అతను కళ్లార్పకుండా ముల్లునే చూస్తున్నాడు. హమాలీలు బీడీలు ఆర్పి చుట్టూ చేరారు.

“ఒళ్లు వంచితేనే ఇంత మారుతోందే,” అన్నాడు కాటా తనలో తాను. “లాగుడు పెరిగిందంటే వెనక చక్రం నేలను ఇంకా గట్టిగా తోస్తోంది. తోసిన కొద్దీ మూతి లేస్తుంది. మూతి మీద బరువు లేదు. మరి మీ అన్నయ్య స్ప్రాకెట్ పెద్దది పంపుతూ ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?”

“ఆయన్నే అడుగు. నీకు బావేగా.”

అతనే ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

“చెప్పు బావా,” అన్నాడు మెకానిక్. వెనక సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. “ఎక్కిందా?”

“సగం ఎక్కి మూతి లేపింది. మీ చెల్లెలు కింద పడింది.”

“అదేంటి. నేను చెప్పినట్టు చేశారా?”

“అలాగే చేశాం. ముందు బరువు పెట్టాం.”

“ముందు పెడితే మూతి ఎందుకు లేస్తుంది?”

“ముందే పెట్టాం బావా. బరువు పెట్టాకే స్ప్రాకెట్ ముట్టుకున్నాం.”

సుత్తి ఆగింది.

“ఎక్కడ పెట్టారు?”

“క్యారియర్ మీద.”

“క్యారియర్ ఎక్కడుంటుంది బావా?”

“వెనక.”

“నేనేం చెప్పాను?”

“ముందు పెట్టమన్నావు.”

“మరి ముందెందుకు పెట్టలేదు?”

“ముందే పెట్టామంటుంటే,” అని కాటా అక్కడే ఆగిపోయాడు. అతని చెయ్యి నెమ్మదిగా తల మీదికి పోయింది. హమాలీల్లో ఒకడు పకపకా నవ్వాడు. కాటా భార్య హ్యాండిల్ మీద తల ఆనించుకుని, భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

“మొదట అని అర్థం చేసుకున్నారా?” అన్నాడు మెకానిక్ నీరసంగా. “తర్వాత అని పక్కన రాసి చచ్చాను కదా, తప్పు నాదేలే. పెట్రోలు ట్యాంకుకు చెరో పక్కా వేలాడదీయండి. ఎంత కిందికి ఉంటే అంత మంచిది.”

ఇంటికొచ్చాక, దేంట్లో వేలాడదీయాలన్నది తేలలేదు. గోనెసంచులు గులకరాళ్లకు చిరుగుతాయి, ప్లాస్టిక్‌వి ఇంజను వేడికి కరుగుతాయి. కాటా ఇల్లంతా వెతికి వచ్చేసరికి, భార్య ముందు గదిలో నేల మీద కూర్చుని క్యాన్వాస్ సంచిని కత్తెరతో నిలువునా కోస్తోంది.

అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“అది కోసేస్తే పట్నానికి బట్టలు దేంట్లో పెట్టుకెళ్తావు?”

“వెళ్తానని నీతో అన్నానా?”

“దింపి పెట్టావుగా.”

“దింపితే ఏదో ఒకటి అంటావనుకున్నా. నువ్వు బీరువా చుట్టూ తిరిగావు.” ఆమె తలెత్తకుండా కత్తెర నడిపింది. “ఆ చివర పట్టుకో, వంకరపోతోంది.”

అతను కూర్చుని చివర పట్టుకున్నాడు. కోత తిన్నగా పడింది.

మర్నాడు కొత్త సంచుల్లో ఇసుకంతా నింపి, ట్యాంకుకు చెరో పక్కా కట్టి నిచ్చెన కిందికి వెళ్లారు. మూతి లేవలేదు. కానీ సగం దాటాక వెనక చక్రం గులకరాళ్లను వెనక్కి చిమ్ముతూ ఉన్నచోటే తిరిగింది. టైరు తనకు తానే గొయ్యి తవ్వుకుని అందులో కూర్చుంది. కాటా ఆ గోతి పక్కన గొంతుక్కూర్చుని చెయ్యి పెట్టి చూశాడు. నేలను పట్టుకోవాలంటే ఆ చక్రానికీ కాస్త బరువు కావాలి. ముందు ముందు అని ఉన్నదంతా ముందుకు చేరిస్తే, తోసేవాడు తేలిపోయాడు.

“నాకూ బరువు, నీకూ బరువు అంటోంది ఇది,” అన్నాడు.

“ఇద్దరు పిల్లల తల్లిలా ఉంది నా పరిస్థితి,” అందామె చెమట తుడుచుకుంటూ.

బ్యాటరీలకు సమానమైన ఇసుకను సంచుల్లోనే ఉంచాడు. తిండి సామానుకు సమానమైనది తీసి మూటగట్టి, క్యారియర్ కొసకు కాకుండా ఆమె నడుముకు ఆనేలా సీటు మీదే కట్టాడు. ఎక్కి, దిగి, ఒక గుప్పెడు అటూ ఒక గుప్పెడు ఇటూ మార్చుకుంటూ పొద్దు గడిచింది. ఆమె రెండుసార్లు పైదాకా వెళ్లింది, ఒకసారి ఆగిపోయింది. ఆ ఒకసారి ఎందుకు ఆగిందో ఇద్దరికీ తేలలేదు.

ఆదివారం కేంద్రం నుంచి కళ్లద్దాలాయన కిందికి దిగివచ్చాడు. అక్కడికి పెద్ద ఆయనే. అసలు బ్యాటరీలు సంచుల్లోకి దిగాయి. తిండి సామాను డబ్బా సీటు మీదికి ఎక్కింది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

“సామాను వెనక కట్టుకోరా అమ్మా ఎవరైనా?”

“కట్టుకున్నామండీ. అది ఒప్పుకోలేదు,” అందామె.

ఆమె బండిని దూరం తీసుకెళ్లి తిప్పుకుంది. రెండో గేరులో, కంగారు లేని వేగంతో వచ్చి నిచ్చెన మొదలు అందుకుంది. లేచి నిలబడింది. ఇంజను గొంతు పెంచకుండా, బరువైన పని చేసేవాడు ఊపిరి తీసినట్టు ఒకే తీరున లాగుతోంది. సగం దాటింది. గాడి పక్కన ముందు చక్రం కాస్త తేలింది. ఆమె గడ్డం దాదాపు హ్యాండిల్‌కు తగిలేలా వంగింది. చక్రం దిగింది. అంతలో మొన్న గొయ్యి పడ్డచోట వెనక టైరు జారి రాళ్లు చిమ్మింది.

ఆమె యాక్సిలరేటర్ పెంచలేదు. మోకాళ్లు వంచి నడుమును ఒక్క జానెడు వెనక్కి జరిపింది. టైరు పట్టుకుంది.

కళ్లద్దాలాయన పైకి చూడటం మాని కాటా వైపు చూశాడు. అతను మునివేళ్ల మీద నిలబడి, ఛాతీ ముందుకు వంచి, నడుము వెనక్కి తోసి, లేని హ్యాండిల్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

“మీరేం చేస్తుంటారు?” అని అడిగాడాయన.

“తూకం,” అన్నాడు కాటా కళ్లు తిప్పకుండా.

పైన ఇంజను ఆగింది. కాసేపటికి నిచ్చెన అంచున ఆమె తల కనబడింది. చెయ్యి ఊపలేదు. నడుం మీద చేతులు పెట్టుకుని కిందికి చూస్తూ నిలబడింది. అప్పుడు గాని కాటా మడమలు నేలకు ఆనలేదు.

ఇద్దరూ నడిచి పైకి చేరేసరికి ఆమె బ్యాటరీలు దించి వరండాలో పెట్టేసింది. కళ్లద్దాలాయన రొప్పుతూ మెట్టు మీద కూర్చున్నాడు.

“వచ్చే వారం నుంచి వచ్చేయమ్మా. సామాను చాలా పేరుకుపోయింది. బ్యాటరీలు, నూనె డబ్బాలు, కాగితాల కట్టలు. నువ్వు మాత్రం ముందు నూనె డబ్బాలు పెట్టు.”

ఆమె కాటా వైపు చూసింది. కాటా బండి వైపు చూశాడు.

“ఏ ముందండీ?” అందామె.

ఆయనకు అర్థం కాలేదు. కాటా అప్పటికే వంగి, మూలనున్న నూనె డబ్బాను ఒక చేత్తో కాస్త ఎత్తి చూస్తున్నాడు.